మింగిన దారిలోనే మరమ్మతు

మృగశిర కార్తె వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో గొంతుల తిరునాళ్లే. బత్తిని వారి చేతిలో వేలెడంత కొర్రమీను పిల్ల, దాని నోట్లో పసుపురంగు మందు ముద్ద. వరుసలో నిలబడ్డ మనిషి తల వెనక్కి వాల్చి నోరు తెరుస్తాడు. కళ్లు పెద్దవవుతాయి, మెడ ఒక్కసారి ఎగిరి పడుతుంది, చేప దిగిపోతుంది. ఆ మందు ఉబ్బసం తగ్గిస్తుందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. ఆ తగవు ఇంకో చోట తేల్చుకుందాం. నా ఆసక్తి అంతా గొంతు మీద. తోక ఆడిస్తున్న చేపపిల్లను లోపలికి పోనిచ్చే ఆ గొంతే, డాక్టరు నాలుక మీద పుల్ల పెడితే చాలు, వాంతి తెప్పిస్తుంది. మనం మింగితే తలుపు తెరుచుకుంటుంది. బయటినుంచి ఎవరైనా తోస్తే మూసుకుంటుంది.

ఈ రహస్యం కత్తులు మింగే గారడీవాళ్లకు ఎప్పుడో తెలుసు. 1868లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరంలో అడాల్ఫ్ కుస్మౌల్ అనే వైద్యుడు అలాంటి గారడీవాడినే పిలిపించి, కత్తికి బదులు నిటారైన లోహపు గొట్టం మింగించాడు. గొట్టం కడుపు దాకా వెళ్లింది. కాని లోపల చీకటి. బయట వెలిగించిన దీపం కాంతి అంత లోతుకు అందలేదు. దారి దొరికింది, వెలుగు దొరకలేదు. వంపుల్లోనూ వెలుగు సరిగ్గా అందడానికి ఇంకో తొంభై ఏళ్లు పట్టింది. మధ్యలో 1932లో రుడాల్ఫ్ షిండ్లర్ కొంచెం వంగే గొట్టం తయారుచేసి చాలామంది కడుపుల్లోకి తొంగిచూశాడు. పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండన్‌లో హాప్‌కిన్స్‌ అనే శాస్త్రవేత్తతో కలిసి, వెంట్రుకలాంటి గాజుపోగుల కట్ట గుండా బొమ్మను వంపుల్లోంచి పంపవచ్చని 1954లో చూపించాడు. అది చదివిన బేసిల్ హిర్షోవిట్జ్ అమెరికాలో తన జట్టుతో గాజుపోగుల ఎండోస్కోపు చేసి, 1957లో మొట్టమొదట తానే మింగాడు. ఈనాటి ఎండోస్కోపులో గాజుపోగులు వెలుగును మోస్తాయి. బొమ్మను పంపేది కొసన ఉన్న బుల్లి కెమెరా. గొట్టం మీటరు పొడవు, చిటికెన వేలంత లావు. దాని పొట్టలో మూడు మిల్లీమీటర్ల లోపు సందు ఒకటి ఉంటుంది. కడుపులో రక్తం కారుతుంటే కెమెరా దాన్ని చూపిస్తుంది. దాన్ని ఆపే పనంతా ఆ సందులోంచే జరుగుతుంది.

ఇప్పుడు నాంపల్లి నుంచి ఆబిడ్స్ వైపు నడుద్దాం. అక్కడి బట్టల దుకాణంలో పనిచేసే ఒక మనిషిని ఊహించుకోండి. యాభై దాటాయి. పొద్దున్నించి రాత్రి దాకా నిలబడే ఉద్యోగం, మోకాళ్లు పోటు. మెడికల్ షాపుకెళ్లి "నొప్పులకు గోలీ ఇయ్యి" అంటాడు. చీటీ ఎవరూ అడగరు. డైక్లోఫెనాక్ పొద్దునొకటి, రాత్రొకటి. కడుపులో మంటగా ఉంటే దాని మీదికి ఒక గ్యాస్ బిళ్ల, అదీ గుర్తున్నప్పుడు.

ఈ నొప్పి బిళ్లలు ఎలా పనిచేస్తాయో 1971లో జాన్ వేన్ కనిపెట్టాడు; 1982లో ఆయనకు నోబెల్ వచ్చింది. నొప్పినీ వాపునూ పెంచే ప్రోస్టాగ్లాండిన్లు ఒంట్లో తయారు కాకుండా అవి అడ్డుకుంటాయి. చిక్కేమిటంటే కడుపు గోడకు జిగురు పూత పూయించేవీ, దానికి రక్తం బాగా అందేలా చూసేవీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. మోకాలి నొప్పి తగ్గించిన బిళ్ల కడుపు గోడకున్న పూతను కూడా గీకేస్తుంది. ఆ గోడ అవతలే మాంసాన్ని కరిగించే ఆమ్లం.

ఒకరోజు ఇంట్లో ఇలా మాటలు నడుస్తాయి.

"మొఖం గట్ల తెల్లగైందేంది?"

"ఏం లేదే, ఎండకు."

"రెండు దినాల సంది దొడ్డికి నల్లగ పోతున్నదంటివి గదా?"

"గోలీల వేడికి గావచ్చు."

వేడి కాదు, రక్తం. పుండులోంచి కారిన రక్తం ఆమ్లంలో, పేగుల్లో నానుతూ పోయేసరికి ఎరుపు పోయి నలుపవుతుంది. రోడ్డు మీద పోసే తారులా జిగటగా ఉంటుంది, నీళ్లు పోసినా తొందరగా వదలదు, వాసన ఒకసారి తగిలితే మళ్లీ పోల్చుకోగలరు. ఐరన్ బిళ్లలు వాడేవాళ్లకు కూడా విరేచనం నల్లబడుతుంది గాని ఆ జిగటా ఆ కంపూ ఉండవు. నల్లబడటానికి లీటర్లకు లీటర్లు కారనక్కర్లేదు. 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటే ఇరానీ చాయ్ కప్పుకు అటూ ఇటూ, చాలు. ఎర్రగా గానీ, కాఫీ పొడి కలిపిన నీళ్లలా గానీ వాంతి అయితే ఎవరైనా కంగారుపడి పరుగెత్తుతారు. నల్ల విరేచనం దగ్గరే జనం మోసపోతారు. నన్నడిగితే ఈ జబ్బులో అత్యంత కీలకమైన పరీక్ష జరిగేది ఆసుపత్రిలో కాదు, ఇంటి మరుగుదొడ్డిలో.

మన సేల్స్‌మన్ మెట్లెక్కుతూ కళ్లు తిరిగి కూలబడ్డాడు. 108 వచ్చింది. బంధువులు క్యాజువాల్టీలో అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "కెమెరా ఎప్పుడేస్తరు సార్?"

వెంటనే వేయరు, అది నిర్లక్ష్యమూ కాదు. ముందు రెండు చేతులకూ లావుపాటి సూదులు, సెలైన్, రక్తం గ్రూపు. నాడి నిమిషానికి ఎంత, నిలబెడితే బీపీ ఎంత పడుతోంది, ఇవే అసలు సమాచారం. హిమోగ్లోబిన్ అంకెను మొదటి గంటల్లో నమ్మడానికి లేదు. గిన్నెలో సగం పాలు ఒలికిపోయినా మిగిలిన పాలు చిక్కగానే ఉంటాయి కదా; నీళ్లు కలిశాకే పలచన తెలుస్తుంది. రక్తమూ అంతే. సగం రక్తం పోయినవాడి రిపోర్టు కూడా కాసేపు బాగానే కనిపించవచ్చు.

రక్తం ఎక్కించడంలో కూడా పాత నమ్మకమొకటి తిరగబడింది. పోయినంతా తిరిగి పోయాలని వైద్యులు చాలాకాలం అనుకున్నారు. బార్సిలోనా వైద్యులు 921 మంది రోగులను రెండు జట్లు చేసి చూశారు. ఒక జట్టుకు హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితేనే రక్తం, రెండో జట్టుకు 9 కంటే తగ్గగానే. 2013లో ఫలితం అచ్చయింది. ఆచితూచి ఎక్కించిన జట్టులో ఆరు వారాలకు 95 శాతం బతికున్నారు. ధారాళంగా ఎక్కించిన జట్టులో 91 శాతం. ఎక్కువ రక్తం పోస్తే రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి, అప్పుడే మూసుకున్న కన్నం మళ్లీ తెరుచుకుంటుంది. ముఖ్యంగా లివర్ చెడినవాళ్లలో. గుండెజబ్బు ఉన్నవాళ్ల లెక్క మాత్రం వేరు. వాళ్లకు ఇంకాస్త ముందే ఎక్కిస్తారు.

ఇక కెమెరా తొందర. 2020లో హాంకాంగ్ వైద్యులు ప్రమాదం ఎక్కువున్న 516 మంది మీద దీన్ని తేల్చారు. కొందరికి ఆరు గంటల లోపే ఎండోస్కోపీ, మిగిలినవాళ్లకు ఆరు నుంచి 24 గంటల మధ్య. నెల తిరిగేసరికి తొందరపడిన జట్టులో 8.9 శాతం, ఆగిన జట్టులో 6.6 శాతం చనిపోయారు. ఆగితే మంచిదని తీర్పు చెప్పేంత తేడా కాదది. ఉరికినందువల్ల ఒరిగిందేమీ లేదని మాత్రం తేలింది. ముందు బీపీని నిలబెట్టి, ఆమ్లం తగ్గించే మందిచ్చి, 24 గంటల లోపు గొట్టం దించడం ఇప్పటి పద్ధతి. సెలైన్ ఎక్కించినా బీపీ నిలవనివాళ్లకు మాత్రం ఇంకా ముందే.

గొట్టం దించే ముందు మత్తు. ఇక్కడ ఆబిడ్స్‌కు కాస్త దూరంలోనే ఉన్న అఫ్జల్‌గంజ్‌లోని ఒకప్పటి ఆసుపత్రిని తలచుకోవాలి. 1888లోనూ 1889లోనూ రెండు విడతలు, నిజాం డబ్బుతో, ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడు నడిపించిన క్లోరోఫాం కమిషన్లు హైదరాబాదులో కూర్చున్నాయి. మత్తు ఇస్తున్నప్పుడు నాడి కాదు, ఊపిరి చూడాలి అన్నది లారీ పట్టు. క్లోరోఫాం గుండెకు హాని చేయదన్న ఆయన వాదం తర్వాత తప్పని తేలింది. ఊపిరి చూడమన్న మాట మాత్రం ఎండోస్కోపీ గదిలో ఈనాటికీ చెల్లుతుంది. రక్తం కక్కుతున్న మనిషికి మత్తిస్తే ఆ రక్తం ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. అందుకే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతారు. మరీ ధారగా కక్కుతుంటే ముందే శ్వాసనాళంలో గొట్టం వేస్తారు.

గొట్టం దిగింది. పళ్ల నుంచి 40 సెంటీమీటర్లకు కడుపు. నల్లటి గడ్డలు, వాటిని కడిగి పీల్చేస్తే గులాబీరంగు గోడలు. కడుపు దాటి చిన్నపేగు మొదట్లోకి మలుపు తిరగగానే, వెనక గోడ మీద, పుండు. ఆ చోటు చెడ్డది. సరిగ్గా దాని వెనకే గ్యాస్ట్రోడుయోడినల్ ధమని పోతుంది. పుండు లోతుగా తవ్వుకుంటూ పోతే ఆ ధమని గోడే తెగుతుంది.

ఏ పుండుకు ఎంత భయపడాలో 1974లో ఎడిన్‌బరోలో జాన్ ఫారెస్ట్, ఆయన సహచరులు వర్గాలుగా విడదీశారు. యాభై ఏళ్లయినా రిపోర్టుల మీద ఆ పేరే కనిపిస్తుంది. రక్తం పిచికారీలా చిమ్ముతోందా, ఊటలా కారుతోందా, కారడం ఆగి రక్తనాళం మొటిమలా పైకి కనిపిస్తోందా, గడ్డ అతుక్కుని ఉందా, ఉత్త నల్లమచ్చేనా, అడుగు తెల్లగా శుభ్రంగా ఉందా. పాత లెక్కల ప్రకారం, ఏమీ చేయకుండా వదిలేస్తే చిమ్ముతున్న, కారుతున్న పుండ్లలో సగానికి పైగా వాటిల్లో మళ్లీ రక్తం పోతుంది. నాళం కనిపిస్తుంటే 43 శాతం, శుభ్రమైన అడుగుంటే 5 శాతమే. ఈ చివరిరకం వాళ్లకు గొట్టంతో చేసేదేమీ ఉండదు, మందులిచ్చి తొందరగా ఇంటికి పంపుతారు. మన మనిషికి నాళం కనిపిస్తోంది, దాని కొసన ఎర్రటి ఊట.

ఇక మరమ్మతు. నాకు ఎప్పుడూ జగదీశ్ మార్కెటే గుర్తొస్తుంది. ఆబిడ్స్‌లో ఆ ఇరుకు సందుల్లో సెల్‌ఫోన్ విప్పి, భూతద్దం కింద పెట్టి, సన్నటి సోల్డరింగ్ కడ్డీతో అతుకు వేసే కుర్రాళ్లను చూడండి. ఎండోస్కోపిస్టు చేసేది కూడా దాదాపు అదే, కాకపోతే ఫోను ఊపిరి పీలుస్తుంటుంది, కదులుతుంటుంది, మధ్యమధ్య రక్తంలో మునిగిపోతుంటుంది.

ముందు సూది. పదివేలకు ఒక వంతు పలచన చేసిన అడ్రినలిన్‌ను పుండు అంచుల చుట్టూ ఎక్కిస్తారు. నాళాలు ముడుచుకుంటాయి, ఎక్కించిన నీరు బుడగలా ఉబ్బి బయటినుంచి నొక్కుతుంది. రక్తం ఆగి తెర తేటపడుతుంది. ఇక్కడితో పని అయిపోయిందనుకుంటే ప్రమాదం. మందు ఇంకిపోతుంది, నాళం మళ్లీ తెరుచుకుంటుంది. అడ్రినలిన్ ఒక్కదానితో సరిపెట్టకూడదని ఎన్నో అధ్యయనాలు తేల్చాయి. అది వేదిక తుడవడం. తర్వాత అసలు పని ఒకటి చేయాలి.

ఆ అసలు పని కడ్డీతో అతకడం కావచ్చు. ఇందులో చక్కటి భౌతికశాస్త్రం ఉంది. రక్తం పారుతున్న నాళానికి ఊరికే వేడి తగిలిస్తే లాభం లేదు. పారే రక్తం ఆ వేడిని మోసుకుపోతుంది. నీళ్లు పోసిన కాగితం గిన్నె మంట మీద కాలదు, ఇదీ అలాంటిదే. అందుకని ముందు కడ్డీ మొనతో నాళాన్ని గట్టిగా నొక్కాలి. రెండు గోడలూ ఒకదానికొకటి ఆనుతాయి, ప్రవాహం ఆగుతుంది. అప్పుడు కరెంటు. ఆనిన గోడలు ఉడికి అతుక్కుపోతాయి. రెండు మిల్లీమీటర్ల వరకు లావున్న నాళాలను ఇలా మూయవచ్చని ప్రయోగాల్లో తేలింది. నొక్కడం తక్కువైతే అతకదు, కాల్చడం ఎక్కువైతే పేగుకు చిల్లు. ఈ నొక్కుడు పాళం పుస్తకాలతో రాదు, చేతికి రావాలి.

లేదా క్లిప్పు. ఆరేసిన బట్టలు ఎగిరిపోకుండా పెట్టే క్లిప్పును గోరంత చేసి ఊహించుకోండి. మూసిన క్లిప్పును సందులోంచి దించి, బయటికి రాగానే రెక్కలు తెరిచి, నాళాన్ని మధ్యలోకి తెచ్చుకుని, నర్సుకు చెబుతారు: "క్లోజ్." పిడి దగ్గర నర్సు చెయ్యి బిగిస్తుంది, టక్కుమని మూసుకుంటుంది, తీగ విడిపోతుంది. ఇది ఒక్కరి పని కాదని చూసేవాళ్లకు అప్పుడు తెలుస్తుంది. పాతబడి గట్టిపడ్డ పుండులో క్లిప్పు పళ్లు దిగవు. వెనక గోడ మీదైతే ఎదురుగా నిలబడటానికే చోటుండదు. ఏదీ కుదరనప్పుడు తడి తగలగానే పెచ్చుకట్టే పొడి చల్లుతారు. అదీ ఒక రోజో రెండు రోజులో ఆపుతుంది. ఆ తర్వాత తొడ దగ్గరి ధమనిలోంచి తీగ పంపి నాళాన్ని లోపలినుంచి మూసే రేడియాలజిస్టు, చిట్టచివర సర్జన్.

ఈ చేతిపనికి హైదరాబాదు పేరున్న ఊరు. సోమాజిగూడలో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని నిలబెట్టిన డి. నాగేశ్వర్ రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. అంతకుముందు, 2021లో, అమెరికా ఎండోస్కోపీ సంఘం ఇచ్చిన పురస్కారం షిండ్లర్ పేరు మీదే ఉంది, ఆ వంగే గొట్టం షిండ్లర్.

రక్తం ఆగాక కూడా మూడు రోజులు సూది మందు నడుస్తుంది. ఆమ్లంలో రక్తం సరిగా గడ్డకట్టదు, కట్టిన గడ్డను పెప్సిన్ అనే జీర్ణ ఎంజైము తినేస్తుంది. కడుపులో పీహెచ్ 6 దాటితేనే గడ్డ నిలుస్తుంది. 2000లో హాంకాంగ్‌లో 240 మంది మీద చూస్తే, గొట్టంతో ఆపాక ఒమెప్రజోల్ 72 గంటలు ధారగా ఎక్కించినవాళ్లలో నెల లోపు మళ్లీ రక్తం పోయింది 6.7 శాతానికి, ఎక్కించనివాళ్లలో 22.5 శాతానికి.

పుండు కాకుండా లివర్ వల్ల కక్కే రక్తం ఇంకో జాతి. తాగుడు వల్లనో, హెపటైటిస్ వల్లనో, కొవ్వు వల్లనో లివర్ గట్టిపడితే, పేగుల నుంచి దానిలోకి వచ్చే రక్తానికి దారి ఇరుకై, ఆ రక్తం పక్కదారులు వెతుక్కుంటుంది. అన్నవాహిక అడుగున సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. లివర్‌కు అటూ ఇటూ ఒత్తిడి తేడా 10 మిల్లీమీటర్ల పాదరసం దాటితే సిరలు ఉబ్బుతాయి, 12 దాటితే పగలవచ్చు. మనదేశంలో లివర్ బాగానే ఉన్న పిల్లల్లో కూడా ఇది కనిపిస్తుంది: లివర్‌కు పోయే పోర్టల్ సిరే మూసుకుపోయి ఉంటుంది. బడికెళ్లే పిల్లవాడు ఉన్నట్టుండి దోసెడు రక్తం కక్కితే పిల్లల డాక్టరు మొదట అనుమానించేది దీన్నే. లివర్ మంచిది కాబట్టి, రక్తం ఆపగలిగితే ఆ పిల్లలు చక్కగా పెద్దవాళ్లవుతారు.

ఇక్కడ కడ్డీ పనికిరాదు; ఉబ్బిన సిరను కాల్చబోతే చిరిగిపోతుంది. రబ్బరు బ్యాండే మందు. మొలలకు బ్యాండు వేసే పద్ధతి చూసి, అదే కిటుకును 1980లలో అమెరికాలోని డెన్వర్‌లో గ్రెగ్ స్టీగ్‌మన్ గొంతు కింది సిరలకు తెచ్చాడు. గొట్టం మొనకు తొడిగిన గాజులాంటి టోపీలోకి సిరను పీల్చి, మీద బ్యాండు జారవిడిస్తారు. మెడ బిగిసిన సిర కొన్నాళ్లకు ఎండి రాలిపోతుంది. ఒక్కసారితో అన్నీ పోవు, కొన్ని వారాలకోసారి మళ్లీ రావాలి. లివర్ రోగికి గొట్టం కంటే ముందే రెండు సూదులు పడాలి: సిరల్లో ఒత్తిడి తగ్గించే టెర్లిప్రెసిన్ లాంటిది ఒకటి, యాంటీబయోటిక్ ఒకటి. ఆ యాంటీబయోటిక్ కాపాడే ప్రాణాలు తక్కువేం కావు.

సిరలు కడుపు పైభాగంలో ఉంటే బ్యాండుకు అందనంత లావుంటాయి. 1986లో హాంబుర్గ్ వైద్యుడు నిబ్ సోహేంద్ర వాటిలోకి జిగురు ఎక్కించాడు. సైనోఅక్రిలేట్. కిరాణా కొట్టులో దొరికే ఫెవిక్విక్‌కు దగ్గరి చుట్టం, ఒంట్లో వాడటానికి తగినట్టు మార్చింది. రక్తం తగలగానే సెకన్లలో రాయవుతుంది. అందుకే ఆ రోజు గదిలో అందరూ కళ్లద్దాలు పెట్టుకుంటారు. చేయి తడబడితే సూది సిరలోనే అతుక్కుపోతుంది, లక్షల విలువైన గొట్టం సందు మూసుకుపోతుంది, తునక ఊపిరితిత్తులకు కొట్టుకుపోనూవచ్చు.

మళ్లీ నాంపల్లికి. ఎగ్జిబిషన్ రోడ్డులో 1997లో మొదలైన కేర్ ఆసుపత్రి గుండె వైద్యంతోనే పేరు తెచ్చుకుంది; దాన్ని స్థాపించిన సోమరాజు, అబ్దుల్ కలాంతో కలిసి చేసిన కలాం-రాజు స్టెంట్ తెలుగువాళ్లందరికీ తెలిసిన కథ. స్టెంట్ వేసుకున్నవాళ్లు ఆస్పిరిన్ మింగాలి. అదే ఆస్పిరిన్ కడుపులో రక్తం కార్పించవచ్చు. అలా కారినవాడి చేత ఆ బిళ్ల మాన్పించాలా? 2010లో హాంకాంగ్‌లో 156 మందిలో సగం మందికి కొనసాగించి, సగం మందికి ఆపి చూశారు. కొనసాగించినవాళ్లలో మళ్లీ రక్తం కారింది 10.3 శాతానికి, ఆపినవాళ్లలో 5.4 శాతానికే. కాని ఎనిమిది వారాల్లో చనిపోయినవాళ్లు? కొనసాగించిన జట్టులో 1.3 శాతం, ఆపిన జట్టులో 12.9 శాతం. కడుపును కాపాడబోయి గుండెను పోగొట్టుకోవడమంటే ఇదే. రక్తం కారిందని గుండె బిళ్లను ఎవరికి వాళ్లు చెత్తబుట్టలో పడేయకూడదు. గుండె డాక్టరూ కడుపు డాక్టరూ ఫోన్లో మాట్లాడుకుని కొద్ది రోజుల్లోనే మళ్లీ మొదలుపెడతారు.

మన సేల్స్‌మన్‌ది గుండె బిళ్ల కాదు, మోకాలి బిళ్ల. అది మానాల్సిందే. వార్డులో చూడటానికొచ్చిన ప్రతివాడూ "మిర్చి బజ్జీలు తగ్గించు" అని చెప్పి పోతాడు. పుండుకు కారం కారణం కాదు. నొప్పి బిళ్లలు కాకుండా అసలు దోషి హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. 1984లో బారీ మార్షల్ దాన్ని తాగి మరీ నిరూపించబోయాడు, 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఈ బాక్టీరియా మన దగ్గరికి ఎక్కడినుంచి వచ్చిందో వెతికినవాళ్లలో హైదరాబాదు సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్తలున్నారు. మన దేశపు రకాల జన్యువులు ఐరోపా రకాలతో పూర్వీకులను పంచుకుంటున్నాయని 2007లో వాళ్లు ప్రచురించారు. మనుషుల పాత వలసల జాడ కడుపులోని పురుగులో దొరికింది. డీఎన్ఏ వేలిముద్రల ఆ సంస్థ తర్వాత కొన్నేళ్లు నాంపల్లి గృహకల్ప భవనంలోనే నడిచింది, కొర్రమీను మింగే మైదానానికి కూతవేటు దూరంలో.

అందుకని మన మనిషి కడుపులోంచి చిన్న ముక్క గిల్లి పరీక్షకు వేశారు. బాక్టీరియా లేదని వచ్చింది. డాక్టరు నమ్మలేదు. రక్తం కారుతున్నప్పుడు ఈ పరీక్ష తరచూ తప్పుతుంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ రమ్మన్నాడు. నాలుగో రోజు డిశ్చార్జి. కాగితంలో ఒమెప్రజోల్ ఎనిమిది వారాలు, డైక్లోఫెనాక్ అన్న మాట మీద పెద్ద కొట్టివేత. లోపల రెండు క్లిప్పులు. అవి ఎప్పుడు తీస్తారని ఆయన భార్య అడిగింది. తీయరు. పుండు మానుతున్నకొద్దీ పట్టు సడలి, కొన్ని వారాల్లో ఏదో ఒక పొద్దున వాటంతటవే ఊడి, మింగినవన్నీ పోయే దారినే పోతాయి. అది ఏ రోజో ఆయనకు తెలియదు. అప్పటికి దుకాణంలో కౌంటరు వెనక ఆయన కోసం ఒక స్టూలు కూడా వేసి ఉండవచ్చు.